దోషం దృశ్యానిదా, కరణానిదా?

2015 గోదావరి పుష్కరాల్లో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో చిత్రీకరించిన హారతి వీడియోను ఫోన్‌లో చూసేటప్పుడు నీళ్ల మీద ఆకుపచ్చ పట్టీలు పరుచుకుంటే, ఆ దోషం నదిది కాదు. కుదించిన వీడియోను విప్పే పనిని ప్రత్యేక సర్క్యూట్‌కు అప్పగించే హార్డ్‌వేర్ డీకోడింగ్‌లో, వెలుగు, రంగుల విలువలు నిండక సున్నాలుగా మిగిలిన చోటు తెర మీద ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉన్నదాన్ని మరోలా చూపే ఇటువంటి అయథార్థ జ్ఞానానికి న్యాయదర్శనం అనే భారతీయ తర్కశాస్త్రం కరణదోషాన్ని, అంటే చూపే సాధనంలోని లోపాన్ని, ఒక కారణంగా చెబుతుంది. కామెర్ల రోగికి తెల్లని శంఖం పసుపుగా తోచడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రధాన ప్రాసెసర్‌తోనే విప్పించే సాఫ్ట్‌వేర్ డీకోడింగ్‌కు మార్చగానే పట్టీలు పోయి, తిరిగి మార్చగానే వస్తే, అది అన్వయవ్యతిరేక పరీక్షే: కారణం ఉంటే కార్యం ఉండడం, లేకుంటే లేకపోవడం. మూలాన్ని ముట్టుకోకుండా చూపే సాధనాన్ని సరిదిద్దడమే సత్యానికి చేయగల మొదటి సేవ.