సరదాకి నీళ్ళు

నేను లెక్కల మాస్టార్ని. నర్సీపట్నం దగ్గర ఓ మాలపేటలో పుట్టేను. మా ఇంట్లో డిగ్రీ పాసయిన మొదటి మనిషిని. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను రాయబోయేది ఆకలి గురించి కాదు, తిన్న దెబ్బల గురించీ కాదు. ఒక ఈతకొలను గురించి. దళితుడు సరదా గురించి రాస్తే మనవాళ్ళకే ఎబ్బెట్టుగా ఉంటుంది. రాస్తున్న నాకూ ఉంది.

చలికాలంలో లంబసింగి పొగమంచు చూడ్డానికి విశాఖపట్నం నుంచి కార్లన్నీ మా నర్సీపట్నం మీంచే ఘాటీ ఎక్కుతాయి. ఆ కార్ల కోసం పుట్టిన రిసార్టు ఒకటి మాకు గంట దూరంలో ఉంది. జీడితోట కొట్టేసి కట్టేరు. వేసవిలో కార్లు తగ్గిపోతాయి కనక మాలాంటి దగ్గరివాళ్ళ కోసం ఒక్కరోజు టికెట్టు పెట్టేరు. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా, మనిషికి ఆరొందలు, భోజనం, కొలను. మూడో తరగతి చదివే మా పాప పోరు పడలేక రెండో శనివారం వెళ్ళేం. నేను, మా ఆవిడ, పాప, మా అమ్మ.

గట్టు మీద నిలబడి మా అమ్మ అన్న మొదటి మాట: "ఓలమ్మో, ఇన్ని నీల్లు ఎవులు తోడినార్రా?"

నేను నవ్వేను. తర్వాత లెక్కల బుద్ధి ఊరుకోక లెక్క కట్టేను. పొడవు పదిహేను మీటర్లు, వెడల్పు ఏడు, లోతు సగటున 1.2. అంటే 126 ఘనపు మీటర్లు, 1,26,000 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే 8,400. రోజుకి నాలుగు బిందెలు మోసే ఆడమనిషికి ఐదేళ్ళ తొమ్మిది నెలల పని. మా అమ్మ మోసింది ఇంకా ఎక్కువే. ఆవిడ చిన్నప్పుడు ఊరి పక్క గెడ్డకి మూడు రేవులు. ఎగువది ఊరోళ్ళది. దాని దిగువన గొడ్ల రేవు. దానికీ దిగువన మాది. గెడ్డ వాలుకి పారుతుంది కదా, గొడ్లు కడిగిన నీళ్ళే మా పేటకి. మంచి నీళ్ళు కావాలంటే ఊరి నూతి దగ్గరికెళ్ళి, బిందె దూరంగా పెట్టి, దయగల తల్లి ఎవరైనా వచ్చి పోస్తుందేమోనని ఎండలో నిలబడాలి. ఎత్తు నుంచి పోసేవారట, చేద బిందెకి తగలకుండా. సగం నేలపాలు.

అలాంటి మనిషి ఆరు పదులు దాటేక కొలనులో కాళ్ళు పెడదామని ఒక మెట్టు దిగింది. వెంటనే విజిల్. చీరతో దిగకూడదు, ఈత బట్టలుండాలి అన్నాడు అక్కడి మనిషి. మర్యాదగానే అన్నాడు, 'అమ్మా' అనే పిలిచేడు. ఆవిడ మాత్రం కాలికి నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది. "కులం సంగతి కాదమ్మా, రూలు. నీళ్ళు పాడవకూడదని" అని సర్ది చెప్పేను.

"ఆల్లూ రూలనే అనీవోరురా" అంది. మరి కుర్చీలోంచి లేవలేదు.

నేను దిగేను. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి కిందకి చూస్తే నా కాళ్ళు నాకే కనిపించేయి. తాండవ కాలవలో ఈత నేర్చుకున్నవాణ్ణి, నీళ్ళలో నా కాలి వేళ్ళు నేనెప్పుడూ చూసుకోలేదు. పాపని వీపు కింద చెయ్యి పెట్టి తేలించేను. పక్కన ఎవరో నాయుడుగారి కుటుంబం, అటు ఎవరో శాస్త్రిగారి మనవలు. మా ఒంటిని తాకిన నీళ్ళే వాళ్ళ ఒంటినీ తాకుతున్నాయి. ఆ సంగతి గుర్తొచ్చి కలిగిన ఆనందం నీళ్ళ చల్లదనం కంటే ఎక్కువ. ఇది మంచి ఆనందమేనా? సరదాలో కూడా నేను వాళ్ళ వైపు చూస్తున్నానంటే, అది నా సరదా ఎలా అవుతుంది?

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగేరు. ఆ చెరువులో గొడ్లు తాగొచ్చు, మనుషులం మనం తాగకూడదు. తర్వాత అగ్రకులాలవాళ్ళు పంచగవ్యాలు పోసి చెరువుని శుద్ధి చేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు సభలో బాబాసాహెబ్ చెప్పింది మనందరికీ తెలుసు. ఆ నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని చాటడానికే వెళ్తున్నాం అని. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైందీ నీళ్ళ దగ్గరే. మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి కడుగుతుంటే అడ్డు చెప్పినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, మర్నాడు 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపేరు. 1989 అట్రాసిటీ చట్టంలో మన నీళ్ళని మురికి చెయ్యడం నేరమని రాసేరంటే, ఆ మాట వెనక ఇలాంటి ఊళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఇదంతా దాహం నీళ్ళ కోసం. దాహం అంటే ఎదుటివాడికి కాస్తయినా జాలి పుడుతుంది. ఎత్తు నుంచైనా పోస్తాడు. సరదాకి నీళ్ళు అడిగితే?

అమెరికా సంగతి చూడండి. లాస్ వేగాస్ అనే ఎడారి పట్నంలో హోటళ్ళకి పేరే కొలనులు. శామీ డేవిస్ జూనియర్ లాంటి నల్లజాతి కళాకారులు రాత్రి అక్కడ పాడి ఆడి జనాన్ని మురిపించి, పడుకోడానికి ఊరి అవతలి పేటకి పోవాల్సొచ్చేది. ఆ కొలనుల్లో వాళ్ళకి చోటు లేదు. 1960 మార్చి ఒప్పందం దాకా అంతే. 1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒక హోటలు కొలనులో దూకితే, మేనేజరు యాసిడ్ డబ్బా తెచ్చి నీళ్ళలో ఒంపేడు. మిసిసిపీలో జాక్సన్ నగరమైతే, కలిసి ఈదడం కంటే ఎవరూ ఈదకపోవడమే నయమనుకుని నగరం కొలనులే మూసేసింది. అది తప్పు కాదని 1971లో వాళ్ళ సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. అంత భయం దేనికి? హోటల్లో గ్లాసులు వేరు చెయ్యొచ్చు, నూతి దగ్గర చేదలు వేరు చెయ్యొచ్చు. కలిసి మునిగిన నీళ్ళని మాత్రం వేరు చెయ్యలేరు.

మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్నీ ఉన్నాయి. ఆ జాబితాలో చివరి మాట ఇంగ్లీషులో 'పబ్లిక్ రిసార్ట్'. ఆ మాటకక్కడ అర్థం పదిమందీ చేరే చోటని. చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. నేను వెళ్ళిన రిసార్టులో ఎవరూ కులం అడగలేదు, ఆరొందలు అడిగేరు. ఆరొందలున్నవాడికే సమానత్వమా అని మా సంఘం మిత్రుడు ఎత్తిపొడిచేడు. న్యాయమే. కాని మా అమ్మ తరానికి ఆరువేలున్నా ఎగువ రేవులో దిగనిచ్చేవారు కాదు. ఆ తేడా చిన్నదని నేననలేను. మా స్టాఫ్‌రూములో సోమవారం ఒకాయన "ఇప్పుడు మీరే నయం మాస్టారూ, రిసార్టులు కూడానూ" అన్నాడు. ఆయన రిసార్టుకెళ్తే అది సెలవు. నేను వెళ్తే రిజర్వేషన్. ఈ ఒక్కమాట కోసమైనా మళ్ళీ వెళ్ళాలనిపించింది.

అసలు సంగతి వేరే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఒక కుర్రాడు పొడుగాటి కర్రకి వల కట్టి నీళ్ళ మీద ఆకులు తీస్తున్నాడు. నన్ను చూసి "నమస్తే సార్" అన్నాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడే. మా పేట లాంటి పేటే వాడిదీ. లెక్కల్లో చురుగ్గా ఉండేవాడు, ఇంటర్ మధ్యలో మానేసేడట. నేను నీళ్ళలో, వాడు గట్టు మీద. ఏం మాట్లాడాలో తోచక "నువ్వూ ఈత కొడతావా ఇందులో?" అని అడిగేను.

"మాకు పర్మిషన్ లేదు సార్. నీళ్ళన్నీ తీసేసేక దిగుతాం, గచ్చు తోమడానికి."

వాడి మొహంలో కోపం లేదు. సమాచారం చెప్పినట్టు చెప్పేడు. నేను బయటికొచ్చి తువ్వాలు చుట్టుకున్నాను. నేను బయటికి రావడం వల్ల వాడికి ఒరిగిందేమీ లేదు, నాకు కాస్త తేలికైంది, అంతే. వాడు వల విదిలించి అటు గట్టుకి వెళ్ళిపోయేడు.

వెళ్ళేముందు మేనేజరుని కలిసేను. వారానికి ఒక గంట పనివాళ్ళని దిగనివ్వకూడదా అని అడిగేను. "నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ, కస్టమర్లు ఊరుకోరు" అన్నాడు. "ఏ కస్టమర్లు?" అన్నాను. ఆయన నా తడి జుట్టు వైపు చూసి, నొప్పించకుండా, "మీలాంటివాళ్ళే" అన్నాడు.

దారిలో అమ్మ ఒక్కటే అడిగింది, ఆ గుంటడు ఏ పేటవాడని. చెప్పేను. ఇంకేం మాట్లాడలేదు.

పాపకి తేలడం సగం వచ్చింది. మిగతా సగం నేర్పమని రోజూ అడుగుతోంది. వచ్చే రెండో శనివారానికి మూడు టికెట్లకి డబ్బు కట్టేను.