జటాయువునకు గోదావరీ జలము

రాజమహేంద్రవరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున కోరుకొండ కలదు. శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఆ కొండ మెట్లు 600 పైచిలుకు, మిక్కిలి నిటారైనవి. ఫాల్గుణమాసపు కల్యాణోత్సవములకు ఎక్కు భక్తులు నడిమి మెట్లపై ఊపిరి తీసికొనుచు పైకి చూచినపుడు, తెల్లని శిరస్సు, ఎఱ్ఱని రెక్కలు గల గరుడపక్షి కనఁబడెనా, వెంటనే చేతులు జోడింతురు. గ్రద్దజాతి పక్షులు గూళ్ళు కట్టు ఋతువును అదియే. పిల్లలున్న గూటి దాపునకు మనుష్యుఁడు వచ్చినచో తల్లిపక్షి నెత్తిమీఁదికి దూసికొనివచ్చును. అపుడు జోడించిన చేతులే రాళ్ళకై వెదకును!

ఈ తొట్రుపాటు శ్రీరామచంద్రునకును కలిగినది. పంచవటికి పోవు దారిలో మహాకాయముగల జటాయువును చూచి రామలక్ష్మణులు రాక్షసుఁడని తలఁచిరి. అయినను బాణము వేయలేదు, ‘నీవెవరవు?’ అని అడిగిరి. ‘మీ తండ్రికి మిత్రుఁడను’ అని ఆ పక్షిరాజు మృదువుగా పలికెను. మీరు లేని వేళ సీతను కాచెదనని మాట యిచ్చెను. ఆ మాటకే ప్రాణము లొడ్డెను. తీరా రాముఁడు రెండవమాఱు చూచునప్పటికి, నెత్తురోడుచు కొండశిఖరమువలె పడియున్న ఆ పక్షియే సీతను భక్షించెనని అనుమానించి, బాణము సంధించి సమీపించెను. జటాయువు నోట నిజము వినిన పిదప విల్లు క్రింద పడవైచి, కౌఁగిలించుకొని యేడ్చెను. అనుమానించిన చేతులే చితి పేర్చినవి. దశరథునకు అగ్నిసంస్కారము చేయు భాగ్యము రామునకు లేకపోయెను. అది ఒక గృధ్రమునకు దక్కినది. తరువాత అన్నదమ్ములు గోదావరికి పోయి, స్నానమాడి, ఆ పక్షికి ఉదకము విడిచిరి. పుష్కరాల రేవున పితృదేవతలకు తిలోదకము లిచ్చువారు ఈ ఘట్టమును ఒకమాఱు తలఁచుకొనవలెను. నది అదియే కదా!

శ్రీవైష్ణవ సంప్రదాయమున జటాయువునకు ‘పెరియ ఉడైయార్’ అని గౌరవనామము. కాంచీపురము చెంతనున్న తిరుప్పుట్కుళి దివ్యదేశమున ఆయన సంస్కారము జరిగెనందురు. భద్రాచలము ప్రక్కనున్న ఏటపాకవారు తమ యూరనియు, లేపాక్షివారు తమ యూరనియు చెప్పుకొందురు. చెప్పుకొననిండు; అట్టి బంధుత్వమును వదలుకొనువా రెవరు?

అయితే ఆ బంధువు కులమే నేఁడు మన కంటికి కఱవైనది. ఒకప్పుడు ఊరి వెలుపల పశుకళేబరముల చెంత గుంపులుగా వ్రాలు రాబందులు 1990 తరువాతి సంవత్సరములలో దేశమంతట కూలిపోయినవి. కారణము వైరము కాదు, దయ. పశువు నొప్పి తీర్చుటకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరమున నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచెను. 2006 లో పశువైద్యమున ఆ మందును ప్రభుత్వము నిషేధించినది. మనుష్యులకని అమ్ము సీసాలు పశువుల కొట్టములకు చేరుట అంతతో ఆఁగలేదు. ఇంట పశువున్న గృహస్థు మందు కొనునపుడు దాని పేరడుగుట మేలు.

ఇఁక కొండమెట్లపై దూసికొనివచ్చిన పక్షి మాట. అది కోరునది నాలుగు మెట్ల యెడము. చేతనున్న రాయి విడిచి ప్రక్కకు తొలఁగినచో అది ఒక చుట్టు తిరిగి తన గూటికి పోవును. భక్తులు పై మెట్టెక్కుదురు.