చేస్తాను, చేశాను

పదో తరగతి జీవశాస్త్రం పేపర్లో ఒక రకం ప్రశ్న వుంటుంది. "కిరణజన్య సంయోగక్రియకు కాంతి అవసరమని తెలుసుకోవడానికి నీవు ఏ ప్రయోగం చేస్తావు? పరికరాలు, విధానం, జాగ్రత్తలు రాయండి" అని. మా కాలంలో ఇలా అడిగేవారు కాదు. "ప్రయోగమును వర్ణింపుము, పటము గీచి భాగములను గుర్తింపుము" అనేవారు. మేమూ బట్టీ పట్టింది వర్ణించి వచ్చేవాళ్లం. 2014-15 నుంచి పదో తరగతికి కొత్త పద్ధతి పరీక్షలు వచ్చాక, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు అనే దానికి విడిగా మార్కులు కేటాయించి, ఇలా సూటిగా "నీవు ఏం చేస్తావు?" అంటున్నారు.

నాకీ ప్రశ్న చాలా నచ్చింది. మన ఇళ్లల్లో ఆడపిల్లని "నువ్వేం చేస్తావులే" అనడమే గాని, "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగేదెవరు చెప్పండి!

మా తమ్ముడి కుటుంబం జహీరాబాదు దగ్గర చిరాగ్‌పల్లిలో వుంటుంది. బొంబాయి రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దున వుండే వూరు. చిరాగ్ అంటే దీపం కదా, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. అక్కడ పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు గైడు ముందేసుకుని ఒకరోజు నన్నడిగింది: "అత్తా, నేను ఈ ప్రయోగం చేసింది లేదు, చూసింది లేదు. 'ఆకు నీలి నలుపు రంగులోకి మారడం నేను గమనించాను' అని రాస్తే అబద్ధం కాదా?"

"అందరు గట్లనే రాస్తరు, రాయి" అన్నాడు మా తమ్ముడు పేపరు తిరగేస్తూ.

అందరూ అలాగే రాస్తారన్న మాట నిజమే. దిద్దేవారికీ తెలుసు. మోసపోయేవాళ్లు లేనప్పుడు అది మోసమెలా అవుతుందని వాదించవచ్చు. నా నవలలో నాయిక రైలెక్కిందని రాస్తే టికెట్టేదని ఎవరూ అడగరు. పాఠకురాలికీ నాకూ మధ్య ఆ ఒప్పందం వుంది. "భోంచేశారా?" అంటే ఆకలితో వుండి కూడా "ఇప్పుడే అయిందండీ" అంటాం. ఇదీ అలాంటిదే అనుకుని వదిలేయొచ్చు గదా?

వదిలేయబుద్ధి కాలేదు. ఎందుకంటే ప్రశ్న అడిగింది "చేస్తావు" అని. గైడు జవాబు చెప్పింది "చేశాను" అని. అబద్ధం ప్రశ్నలో లేదు, ఆ క్రియాపదం మారిన చోట వుంది. దానివల్ల నష్టపోయేది దిద్దే మాస్టారు కాదు. ప్రయోగం మొదలవకముందే ఫలితం అచ్చయి వుంటుందనీ, మన పని దానికి సరిపడా నాలుగు వాక్యాలు అల్లడమేననీ పదిహేనేళ్లకే నేర్చుకున్న ఆ పిల్ల నష్టపోతుంది.

నిజానికి ఆ ప్రయోగం ఎంత జాగ్రత్తగా అల్లిందో చూడండి. మొక్కని కుండీతో సహా కొన్నాళ్లు చీకట్లో పెట్టాలి. ఆకు అంతకుముందే దాచుకున్న పిండిపదార్థం ఖర్చయిపోవాలి గదా! తర్వాత ఒక ఆకు మీద కొంత భాగానికి నల్లకాగితం కప్పి ఎండలో వుంచాలి. ఆ ఆకు తెంపి, స్పిరిట్‌లో వుడికించి పచ్చదనం పోగొట్టాలి. స్పిరిట్ గిన్నెని తిన్నగా మంట మీద పెడితే భగ్గుమంటుంది కనక మరిగే నీళ్లలో పెట్టాలి. అప్పుడు అయోడిన్ వెయ్యాలి. ఎండ తగిలిన చోటే నీలి నలుపు వస్తుంది. మొక్క అదే, ఆకూ అదే, నీళ్లూ అవే. ఒక్క వెలుతురే తేడా. ఆ ఒక్క తేడా కోసమే ఇంత తంటా.

ఆ ఒక్క తేడా సంగతి వంటింట్లో మనకి తెలియనిది కాదు, ఒప్పుకోం అంతే. చలికాలంలో జహీరాబాదు వైపు పెరుగు ఓ పట్టాన తోడుకోదు. మా అమ్మ తొడిమతో ఎండుమిరపకాయ వేస్తుంది. మా మరదలు గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడుతుంది. ఒక్కోరోజు ఇద్దరూ రెండూ చేస్తారు. పెరుగు గడ్డలా తోడుకుంటుంది. "చూసినవా, మిరపకాయ మహిమ" అంటుంది అమ్మ. మరదలు మాట్లాడదు గాని, మర్నాడు మళ్లీ తువ్వాలు చుడుతుంది. తేలాలంటే పని ఎంతో లేదు: అవే పాలు, అదే వేడి, అంతే తోడు, రెండు ఒకేలాంటి గిన్నెలు, పక్కపక్కనే, ఒకదాంట్లో మిరపకాయ, రెండోదాంట్లో లేదు. కానీ పెట్టేముందు అమ్మ ఒక మాట చెప్పాలి: "రెండూ ఒకేలా తోడుకుంటే నా మాట తప్పని ఒప్పుకుంటా" అని. ఆ మాట చెప్పడమే కష్టం. ఆ రాత్రి ఎవరూ రెండు గిన్నెలు పెట్టలేదు లెండి.

పెరుగుతో పోయేదేముంది? కానీ ఇదే అలవాటు మనుషుల మీద పడితే? కోడలు అడుగుపెట్టిన వారానికి గేదె చస్తే కోడలి పాదం. అదే వారం కోడలు రాని ఇళ్లల్లో ఎన్ని గేదెలు చచ్చాయో ఎవరు లెక్కపెట్టారు? వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుడితే తల్లి గర్భమే అలాంటిదని కొడుక్కి రెండో పెళ్లి చేసిన ఇళ్లు మన తాతల తరంలో ఎన్ని లేవు! తప్పని తేలే వీలే లేకుండా తీర్పు చెప్పారు గదా.

ఆ తీర్పుని కొట్టేసిన వాళ్లలో ఒక స్త్రీ వుంది. అమెరికాలో బడిపంతులమ్మగా పనిచేసి, ఆ తర్వాత శాస్త్రం చదువుకున్న నెట్టీ స్టీవెన్స్. 1905లో ఆవిడ పరిశోధించింది మన పిండి డబ్బాలకి పట్టే పురుగుల చుట్టాలనే. ఆడపురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. ఆడదీ మగదీ పక్కపక్కన పెట్టి లెక్కపెడితే తేలింది, సంతానం ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చిన కణంతోనని. మనుషుల్లో ఎక్స్, వై సంగతి ఇప్పుడు పదో తరగతి పుస్తకంలోనే వుంది. అత్తగార్లు కూడా చదివితే బావుండును.

మా మేనకోడలికి ఇలా చెప్పాను. "జవాబంతా 'చేస్తాను' అనే రాయి. ఫలితం దగ్గర, 'ఎండ తగిలిన భాగమే నీలి నలుపైతే కాంతి అవసరమంటాను. ఆకంతా ఒకేలా వుంటే అలా అనలేను. చీకట్లో వుంచిన రోజులు చాలలేదేమో, కాగితం సందున వెలుతురు దూరిందేమో చూసి మళ్లీ చేస్తాను' అని రాయి."

"గిట్ల రాస్తే మార్కులిస్తరా?"

దిద్దేవారిని బట్టి వుంటుందన్నాను. ప్రీస్ట్లీ అంతటివాడు 1771లో, దీపం ఆరిపోయిన గాలిని పుదీనా మొక్క బాగుచేస్తుందని కనుక్కున్నాడు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేస్తే ఒకోసారి బాగుపడింది, ఒకోసారి పడలేదు. ఆ రెండోమాటా దాచకుండా చెప్పుకున్నాడు. 1779లో ఇంగెన్‌హౌస్ వచ్చి తేల్చాడు, తేడా అంతా వెలుతురులో వుందని! మన పరీక్షలో "ఒకోసారి పడలేదు" అని రాస్తే ఎర్రసిరా గీత ఖాయం.

పాఠం చెప్పనక్కర్లేని చోట్లు కూడా వున్నాయి. జహీరాబాదు పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ సంఘాల ఆడవాళ్లు జొన్న, కొర్ర, కంది విత్తనాలు బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచుకుంటారు. దాచిన విత్తనం పనికొస్తుందో లేదో చూడ్డానికి రైతుల ఇళ్లల్లో ఒక పాత పద్ధతి వుంది. చేతికొచ్చిన వంద గింజలు, ఏరకుండా, తడిగుడ్డలో చుట్టి పెడతారు. నాలుగైదు రోజులకి విప్పి లెక్కపెడతారు. తొంభై మొలిస్తే సరే. అరవయ్యే మొలిస్తే ఇంకాస్త వొత్తుగా విత్తాలి, లేదా వేరే విత్తనం వెతుక్కోవాలి. గింజలు దాచింది అత్తగారైనా సరే, మొలవనిదాన్ని మొలిచిందని ఎవరూ అనరు.

"విత్తనాల మొలకశాతం తెలుసుకోవడానికి నీవు ఏ ప్రయోగం చేస్తావు?" అని ఏ సంవత్సరమైనా పేపర్లో అడిగితే, ఆ ఇళ్ల పిల్లలు గైడు తెరవకుండానే రాసేస్తారు.