కోలుకుంటున్న చేతులకు ఒక బొంత



ఇంట్లో ఒకరు జబ్బుపడితే ఏం చేయాలో మనకు తెలుసు. ఆసుపత్రికి తీసుకువెళ్తాం, మందులిప్పిస్తాం, రాత్రుళ్ళు మేలుకొని కూర్చుంటాం. విచారణ గురువులను పిలిచి ప్రార్థన చేయిస్తాం. మరి జబ్బు తగ్గి, బలం ఇంకా రాని రోజుల సంగతేమిటి? టైఫాయిడ్ తరువాతి వారాలు, ఆపరేషన్ తరువాతి నెలలు, క్షయకు మందులు మింగుతూ గడిపే దీర్ఘకాలం - ఆ రోజుల్లో మంచం మీదున్న మనిషికి ఇంట్లో స్థానమేమిటి?

సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. మొదట్లో, "నువ్వేమీ ముట్టుకోకు, అన్నీ మేం చూసుకుంటాం" అంటాం. అది ప్రేమతో అన్నదే. కొన్నాళ్ళు గడిచాక, "ఇంకా ఎన్నాళ్ళు పడుకుంటావు?" అంటాం. ఇల్లాలి విషయంలో ఈ రెండవ మాట మరీ త్వరగా వస్తుంది. ఎవరూ నోటితో అనకపోయినా పేరుకున్న అంట్లగిన్నెలే ఆమెతో అంటాయి. మొదటి మాట మనిషిని పనికిరాని వస్తువును చేస్తే, రెండవది పనిముట్టును చేస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే: మనిషి విలువ చేసే పనిలోనే ఉందన్న నమ్మకం.

మన సికింద్రాబాదు దండు ఊరు. 1806లో నిజాం సికందర్ జా పేరుమీద వెలసిన ఈ కంటోన్మెంటుకు జ్వరాలు కొత్త కాదు. 1897లో రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. జ్వరం ఎలా వస్తుందో సూక్ష్మదర్శిని చెప్పింది. జ్వరం వదిలాక గడవని రోజులను ఎలా గడపాలో అది చెప్పలేదు.

దానికి ఆ కాలపు బ్రిటిషు సైనికులలో కొందరికి సూదీ దారం దొరికాయి. 1850లలో క్రిమియా యుద్ధంలో తలకు గాయమైన థామస్ వాకర్ అనే సిపాయి చిత్రం ఒకటి లండనులో ఉంది. అందులో అతడు ఆసుపత్రి మంచం మీద కూర్చుని, రంగురంగుల గుడ్డముక్కలతో దుప్పటి కుడుతూ కనిపిస్తాడు. సైనిక దుస్తుల ఉన్నిబట్టతో ఇటువంటివి కుట్టేవారు. 1864-77 మధ్య మన దేశంలో పనిచేసిన ఫ్రాన్సిస్ బ్రేలీ అనే సిపాయి కుట్టిన దుప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో నేటికీ ఉంది. తుపాకి పట్టిన మగవాళ్ళకు కుట్టుపని నామోషీ అనిపించలేదు.

మనకు ఇది బొంత రూపంలో ఎప్పటినుంచో ఉన్నదే. పాత నూలుచీరలు, పంచెలు మడతలు పేర్చి, పైన ముక్కలు అతికి, వరుసలుగా కుట్టేది. కోలుకునేవారికి ఇంతకంటే తగిన పని అరుదు. ఎందుకంటే ఎక్కడైనా ఆపవచ్చు. పొయ్యిమీది కూర ఆగదు, ఆఫీసు ఫైలు ఆగదు. బొంత ముక్క మాత్రం అలసిపోగానే పక్కన పెట్టినా అలిగి పోదు. ఈ రోజు రెండు ముక్కలు కలిస్తే రెండే, రేపు నాలుగు. మందుబిళ్ళలు లెక్కపెట్టిన చేతులు అతుకులు లెక్కపెడతాయి. సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుంది. మందమైన మడతలన్నీ కలిపి కుట్టే బరువైన పనికి ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుంటారు.

ఇక్కడ మీరు అడగవచ్చు: "రోగిని దొడ్డిదారిన మళ్ళీ పనిలో పెట్టడమే కదా ఇది?" న్యాయమైన ప్రశ్నే. గడువు పెట్టినా, "ఇంతేనా కుట్టావు?" అన్నా అది అలాగే అవుతుంది. 1981లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో, పనికి గౌరవం వచ్చేది దాన్ని చేసే మనిషివల్లనేనని బోధించారు. అంటే మనిషి విలువ ముందు, పని తరువాత. కుడి చెయ్యి పడిపోయినవారు ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో చెప్పగలరు. అదీ చేతకానివారి విలువ ఒక్క పోగంత కూడా తగ్గదు.

అయినా పని ఎందుకంటారా? నెలల తరబడి తీసుకోవడమే తప్ప ఇవ్వడానికి వీలులేకపోవడం నొప్పికంటే పెద్ద బాధ. మందులకు అప్పు, సేవకు అప్పు, చివరికి గ్లాసు మంచినీళ్ళకూ అప్పుపడ్డట్టే ఉంటుంది. ఎవరికైనా ఏదైనా ఇవ్వగలిగినప్పుడు ఆ మనిషి తలెత్తుకుంటాడు. కాబట్టి రోగికి సేవచేయడం మన బాధ్యతలో సగమే. వారిచ్చేది చేయి చాచి అందుకోవడం మిగిలిన సగం.

పొంతన లేనిదాన్ని మనం "అతుకుల బొంత" అని వెక్కిరిస్తాం. అయితే పుట్టిన పసికందును పడుకోబెట్టడానికి వెదికేది కొత్త దుప్పటిని కాదు, ఒంటికి మెత్తగా ఉండే ఆ పాతచీరల బొంతనే!

ఈ వారం మీ వీధిలో కోలుకుంటున్నవారిని చూడడానికి బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకెళ్తారు కదా. వాటితోపాటు నాలుగు శుభ్రమైన గుడ్డముక్కలు కూడా తీసుకువెళ్ళండి. "ఎప్పుడు లేస్తావు?" అని అడగకండి. "అక్కా, ఓపిక ఉన్నప్పుడు మా మనవడికి నాలుగు ముక్కలు కుట్టిపెడతావా?" అని అడిగి చూడండి.