ఎక్కిన కొండనే యెక్కుట

ఈ నడుమ నొక విద్యార్థి నన్నిట్లడిగెను: "అయ్యా! ఎక్కిన కొండనే రాత్రింబవళ్లు సైకిలుపై మరల మరల నెక్కువారిని వీరులనవలెనా, వెఱ్ఱివారనవలెనా?" వెంటనే ప్రత్యుత్తర మీయజాలక, రేపు చెప్పెదనంటిని.

ఈ సాహసమునకు 'ఎవరెస్టింగు' అని పేరు. ఒక కొండదారి నెన్నుకొని, మొదటినుండి కొనవఱకు నెక్కి, దిగి, మరల నెక్కవలెను. ఎక్కిన యెత్తులన్నియు గూడి ఎవరెస్టు శిఖరమంత, అనగా 8,848 మీటర్లు, కావలెను. దారి మార్చరాదు, నడుమ నిద్రింపరాదు, కాలపరిమితి మాత్రము లేదు. దారి 300 మీటర్ల యెత్తుగలదేని ముప్పది మార్లెక్కినగాని వ్రతము తీరదు. 1924లో ఎవరెస్టుపై నదృశ్యుడైన జార్జి మాలరీకి బౌత్రుడును, అదే పేరు గలవాడునగు నొకడు 1994లో ఆస్ట్రేలియా యందలి డోనా బువాంగ్ కొండపై నీ పని జేసి, మఱుసటి యేట నిజమైన ఎవరెస్టునే యెక్కెను. 2014లో ఆండీ వాన్ బెర్గెన్ నియమము లేర్పఱచి దీనిని లోకమున వ్యాపింపజేసెను.

దీనివలన లాభమేమని లోకులడుగుదురు. కొండ దాటి యావలి యూరు చేరుట లేదు. ఎక్కినదంతయు దిగుటతో సరి. నిజమే. కాని యిరువదేండ్లుగా నవే వ్యాకరణ సూత్రములను జెప్పుచు, ఏటేట మొదటి పాఠమునకే దిగివచ్చు నావంటి యుపాధ్యాయుడు పునరుక్తిని జూచి నవ్వదగునా?

భగవద్గీత పదునేడవ యధ్యాయమున తపస్సు మూడు తెఱగులుగ జెప్పబడినది. శ్రద్ధతో, ఫలాపేక్ష లేక చేయునది సాత్త్వికము. డంబమునకై చేయునది రాజసము. మూఢపు పట్టుదలతో దన్ను హింసించుకొనునది తామసము. ముగ్గురకును జెమట యొక్కటియే, భేదము మనస్సునందున్నది.

2020 జూన్ మాసమున లాక్లన్ మార్టన్ అను వృత్తి సైకిలుధారి అమెరికాలోని కొలరాడోలో 7 గంటల 32 నిమిషములలో నీ వ్రతము ముగించి ప్రసిద్ధికెక్కెను. పిదప దారి యెత్తును గూర్చిన లెక్కలో పొరపాటున్నదనియు, మొత్తము చాలలేదనియు దేలెను. అది కపటము గాదు. అయినను నతడు కొలది దినములకే యా కొండకు బోయి, మొదటినుండి మరల నెక్కి, 7 గంటల 29 నిమిషములలో ముగించెను. కొఱతవడిన మీటర్లవలన నెవనికిని నష్టము లేదు. వానిని బూరించుటవలన లోకమునకు లాభమును లేదు. ఒప్పుకొన్న కొలతకు లోబడుట యొక్కటియే యందలి ఫలము.

ఇంత చెప్పియు నొక్క హెచ్చరిక చేయక తప్పదు. మన మన్యములలో బాట లేనందున రోగిని, నిండుచూలాలిని డోలీలో మోసికొని కొండలు దిగువారు గలరు. వారి మీటర్లను లెక్కించువారు లేరు. తనంత గైకొన్న కష్టము వ్రతము. పరుల యుపేక్ష నెత్తిన బెట్టినది భారము. మొదటిదాని మహిమను జెప్పి రెండవదానిని సహింపుడని బోధించుట పాపము. వారికి గావలసినది ప్రశంస గాదు, బాట.

మఱునాడా బాలునితో నిట్లంటిని: "నాయనా! ఎవరును జూడనిచో నతడు ఆఖరిమారు కొనవఱకు నెక్కునా యని యడుగుము. ఎక్కునేని వీరుడు. ఆ ప్రశ్ననే నీ లెక్కల పలకను జూచియు నడుగుము."