ఆత్మ ఎవరి మాట?

వీధిలో ఎవరూ లేరని చెప్పడానికి ఇంగ్లీషువాడు ‘నాట్ ఎ సోల్’ అంటాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాచర్ల బజారు చూసి మనం ‘నరమానవుడు లేడు’ అంటాం. ‘ఒక్క ఆత్మ కూడా లేదు’ అంటే దయ్యాల సంగతనుకుంటారు. వాడు కూటికి తిప్పలు పడుతూ ‘సోల్’నీ ఒంటినీ విడిపోకుండా చూసుకుంటానంటాడు, మనం ప్రాణం నిలబెట్టుకుంటాం. వాడు డబ్బు కోసం ‘సోల్’ అమ్ముకుంటాడు, మనవాడు సిగ్గూ శరమూ అమ్ముకుంటాడు. అయినా బళ్లో మాత్రం సోల్ అంటే ఆత్మ అని రాయించి పేజీ తిప్పేస్తారు.

బైబిలుని తెలుగు చేసినవాళ్లు ఇంత తేలిగ్గా తీసుకోలేదు. ‘స్పిరిట్’కి ఆత్మ అని, ‘సోల్’కి చాలాచోట్ల ప్రాణం అని పెట్టారు. 1842లో గుంటూరుకొచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ తర్వాత గురజాలలోనూ పనిచేశాడు. పల్నాటి చర్చిల్లో ఆత్మకి ఒక అర్థం, గుడిలో ఇంకో అర్థం. మాట మాత్రం ఒకటే.

మరి మన సంగతి? ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రూహ్ ఉంది, జాన్ ఉంది, నఫ్స్ ఉంది. మూడూ మూడు పనులు చేస్తాయి. దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటి భాష. అక్కడ జాన్ పోదు, ప్రాణం పోతుంది. రోజంతా ఉపవాసముండి ఇఫ్తార్‌కి కూర్చున్నవాడు ‘ఆత్మారాముడు గోలపెడుతున్నాడు’ అంటే అందులో ఆత్మా లేదు, రాముడూ లేడు. ఉన్నది కడుపు.

ఈమధ్య మనలోనే కొందరు ఈ మాటలకి లెక్కలు కడుతున్నారు. ఆత్మ అంటే మళ్లీ జన్మ ఎత్తేది, మన దీన్‌లో అది లేదు, కాబట్టి ముసల్మాను నోట ఆ మాట రాకూడదని వాదన. అటువైపు ఇంకొకాయన, వీళ్లకి తెలుగు పరాయిదని ముందే చెప్పాను గదా అని చంకలు గుద్దుకుంటాడు. ఇద్దరూ కలిసి ఒకే పని చేస్తున్నారు. మన నోట్లోంచి మన భాష లాగేసుకుంటున్నారు.

అసలు ఆత్మకి సంస్కృతంలో ‘తాను’ అనే అర్థం కూడా ఉంది. ఆత్మకథ తన కథ, ఆత్మరక్షణ తన రక్షణ. అరబ్బీలో నఫ్స్ కూడా అచ్చం ఇలాగే ‘ప్రాణి’ అనీ ‘తాను’ అనీ రెండు పనులూ చేస్తుంది. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని చెప్పేచోట ఖురాన్ వాడింది ఆ నఫ్స్ బహువచనమే. ఉర్దూ ఖుద్‌కుషీలోనూ, ఇంగ్లీషు సూయిసైడ్‌లోనూ ఉన్నది ‘తాను’ అనే మాటే. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయినప్పుడు పేపర్లన్నీ ఆత్మహత్య అనే రాశాయి. ఆ మాటలో ఆత్మ చస్తుందా చావదా అని అప్పుల్లో మునిగిన ఏ ఇల్లూ అడగలేదు.

ఇంకో సంగతి. ఆత్మ ఈ నేల సొత్తు, మీరు బయటివాళ్లు అనేవాళ్లు మాచర్ల దాటి నాగార్జునకొండ దాకా వెళ్లి రావాలి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల విజయపురి అక్కడే ఉండేది. విహారాలు కట్టుకుని బౌద్ధులు బతికారు. మార్పులేని ఆత్మ ఒకటుందని బౌద్ధం ఒప్పుకోదు. అంటే ఆత్మ లేదన్నవాళ్లు కూడా ఈ నేలవాళ్లే. ఇప్పుడా లోయ సాగర్ నీళ్లకింద ఉంది. మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాలి.

అమెరికా నల్లవాళ్ల కథ మనకి ఇంకా దగ్గరిది. సోల్ అనేది వాళ్లని బానిసలుగా కొన్న దొరల భాష. ఆ మాటనే పట్టుకుని 1903లో డుబోయిస్ నల్లవాళ్ల ఆత్మల గురించి పుస్తకం రాశాడు. ఒకే ఒంట్లో రెండు ఆత్మలు పెనుగులాడే బతుకుని అందులో చెప్పాడు. తర్వాత వాళ్ల పాట సోల్ మ్యూజిక్ అయింది, వాళ్ల తిండి సోల్ ఫుడ్ అయింది. 1967లో నెవార్క్, డెట్రాయిట్ తగలబడుతుంటే దుకాణాల అద్దాలమీద ‘సోల్ బ్రదర్’ అని రాసుకున్నారు, ఇది మనవాడిది, వదిలెయ్యండని. షాపు బోర్డుమీద ఏ పేరుందో చూసుకోవలసిన రాత్రి ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. మనవాళ్లెవరైనా పోతే పక్కింటి హిందువు వచ్చి ‘ఆయన ఆత్మకు శాంతి కలగాలి’ అంటాడు. మనం అడిగేది శాంతి కాదు, మగ్‌ఫిరత్. పోయినవాడి తప్పులు అల్లా మన్నించాలని. రెండూ ఒకటి కావు, ఒకటేనని సర్దిచెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆయన కబ్రస్తాన్ దాకా నడిచొచ్చి, మనతోపాటు మూడు గుప్పిళ్ల మట్టి వేసి ఆ మాటంటే ‘ఆమీన్’ అనకుండా ఎలా ఉంటాం? అనొచ్చనే నేనంటాను. ఆయన దువా ఆయన భాషలో చేశాడు. పోతే, పాఠ్యపుస్తకం, ప్రభుత్వ సంతాప తీర్మానం సంగతి వేరు. అక్కడ ఏ మతంవాడు పోయినా ఒకే వాక్యం అచ్చేస్తే అది పొరుగువాడి ప్రేమ కాదు, బద్ధకం. దాన్ని ప్రశ్నించాల్సిందే.

రేపు ఆయన తండ్రి పోతే శ్మశానం గేటు దగ్గర మనం ఏమనాలి? ‘ఆత్మకు శాంతి’ అంటే మన నమ్మకం కాదు. మగ్‌ఫిరత్ అంటే ఆయనకి అర్థం కాదు. మనవాళ్లు చాలామంది ‘పెద్దాయన మంచోడు బాబాయ్’ అని చెయ్యి పట్టుకుని, కట్టెలు అంటుకునేదాకా అక్కడే నిలబడతారు.