గోత్రమెరుగని వారికొక దోసెడు నీరు

సింగపూరు ద్వీపమున ఉత్తరభాగమునందలి క్రాంజి గుట్టమీద, ఏటేట నవంబరు మాసపు రెండవ ఆదివారమున ఉదయవేళ యుద్ధమృతుల సంస్మరణము జరుగును. 4,400కు పైగా సమాధులు వరుసలు తీరిన ఆ పచ్చికబయలున బూరధ్వని వెలువడి, రెండు నిమిషములు సర్వులును మౌనము వహించి నిలిచిన పిమ్మట, ఉద్యోగార్థమై ఆ దేశమున కాపురమున్న మా బంధువుల పసిబాలిక తల్లినడిగినదట: "అమ్మా, వీళ్ళంతా మనకేమవుతారు?"

ఆ తల్లి బిడ్డను స్తంభములకడకు తోడ్కొనిపోయి మనదేశపు సైనికుల నామములను చూపెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు జపానీయుల వశమైనది. ఆ యుద్ధమున సమాధియైనను దక్కని 24,000 మందికి పైగా యోధుల పేర్లు అచట చెక్కబడియున్నవి. దహనసంస్కారము పొందిన సుమారు 800 మందికి, ముఖ్యముగా భారతసైనికులకు, వేరొక స్మారకము కలదు. తల్లి సమాధానము సత్యమే. కాని నా మనస్సున కది చాలదు. మనవారుండుటయే కారణమైనచో, తక్కిన శిలలయెదుట శిరస్సు వంచుట కేవలము మర్యాద యగును.

చాలిన సమాధానము నాకు మహాభారతమున దొరకినది. స్త్రీపర్వమున, బంధువులున్నవారికిని లేనివారికిని సంస్కారము జరుగునా యని ధృతరాష్ట్రుడు అడుగగా, ధర్మరాజు విదురుని, సంజయుని, ధౌమ్యుని, మరికొందరిని నియోగించి, నానాదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్న వారిని సయితము, ఏ పక్షమువారని విచారింపక, దహింపజేసెను. ఆ పిదప గంగాతీరమున జలతర్పణవేళనే గదా, కర్ణుడు మీ అగ్రజుడని కుంతి కన్నీటితో పలికినది! శత్రువని తాము కూల్చినవాడు తోడబుట్టినవాడై తేలిన ఆ క్షణమున ధర్మరాజు పడిన వేదనను తలచిన కొలది, ఏ మృతునిగూర్చియైనను "వీడు మనకేమియు గాడు" అనుటకు నాకు నోరాడదు.

మన తర్పణవిధియందును, పితృదేవతల కందరికిని నీరు విడిచిన తరువాత, తడివస్త్రమును పిండి ఆ నీటిని సంతతిలేక గతించినవారికి వదలు ఆచారము కలదు. దానికి క్రాంజిలోని వారెంత అర్హులో, ఏ శిలమీదను పేరు లేనివారు అంతకంటె అర్హులు. మలయా రబ్బరుతోటలలో బ్రతుకుచుండిన తెలుగు, తమిళ కూలీలు జపానీయులు తలపెట్టి 1943లో ముగించిన సయాం–బర్మా రైలుమార్గ నిర్మాణమునకు తరలింపబడి, కలరాచేతను, మలేరియాచేతను, ఆకలిచేతను అడవులలో వేలకొలదిగ రాలిపోయిరి. అచట మడిసిన మిత్రపక్షపు యుద్ధఖైదీలలో పలువురకు కాంచనబురి శ్మశానవాటికలో పేరుపేరున శిలలున్నవి. ఆ కూలీలకు లేవు.

సింగపూరునందలి తెలుగు గృహస్థులారా! ఈ నవంబరున బిడ్డలను వెంటగొని క్రాంజికి వెళ్ళుడు. ఇకముందు మహాలయామావాస్యనాడు తడివస్త్రము పిండునప్పుడు ఆ కూలీలను సయితము తలచుకొనుడు.